వాడకం ఆపేసినంత మాత్రాన కట్ట భద్రమైపోదు

ఖనిజం తీసుకున్నాక మిగిలే మెత్తటి బురదని నిలవ ఉంచే మట్టికట్టల గురించి అడిగితే తరచూ వచ్చే జవాబు ఒకటుంది: "దాన్ని వాడటం మానేశాం లెండి, పైన గడ్డి కూడా మొలిచింది." బ్రెజిల్‌లో బ్రుమాడిన్యో దగ్గర కూలిన కట్ట అచ్చం అలాంటిదే. 86 మీటర్ల ఎత్తు, 2016 నుంచి కొత్తగా బురద పోయలేదు, స్థిరంగానే ఉందని కూలడానికి కొన్ని నెలల ముందే ఆడిటర్ల సర్టిఫికెట్ కూడా ఉంది. 2019 జనవరి 25న భోజనాల వేళ అది ఉన్నట్టుండి జారిపోయింది. గని క్యాంటీన్, ఆఫీసులు దాని కిందే. 270 మంది చనిపోయారు. సైరన్ మోగలేదు.

నీళ్ల డ్యామ్ చాలావరకు ఒకేసారి కట్టేస్తారు. ఇది అలా కాదు, గని నడిచినన్నాళ్లూ వరస మీద వరస వేస్తూ పెంచుతూనే ఉంటారు. ఖర్చు తగ్గుతుందని కొన్నిచోట్ల కొత్త వరసని పాత బురద మీదే, లోపలివైపు జరుపుతూ వేస్తారు. దీన్నే అప్‌స్ట్రీమ్ పద్ధతి అంటారు, బ్రుమాడిన్యో కట్టా ఇలా పెరిగిందే. లోపలి నీరు బయటికి పోతున్నంతకాలం ఫర్వాలేదు. పోకపోతే, పైకి గట్టి నేలలా కనిపిస్తున్న బురదే రేణువుల మధ్య పట్టు తప్పగానే ద్రవంలా పారుతుంది. అక్కడ జరిగిందదే అని నిపుణుల బృందం తేల్చింది. అంతకన్నా టెన్షన్ పెట్టే సంగతి, కూలబోతోందని చెప్పే గుర్తులేవీ ముందు కనిపించలేదట!

అందుకే కట్ట మీద ఒకసారి నడిచొచ్చి "బాగానే ఉంది" అనడాన్ని నేను తనిఖీ అనను. కట్ట అడుగున ఊట బురదరంగుకి తిరిగితే లోపల మట్టి కొట్టుకుపోతోందేమో చూడాలి, ఇది అందరికీ తెలిసిందే. కానీ రోజూ వచ్చే ఊట హఠాత్తుగా ఆగిపోతే చాలామంది సంతోషిస్తారు, డ్రెయిన్ పూడుకుపోయి నీళ్లు లోపలే పెరుగుతున్నాయేమో అని ఎవరూ అనుకోరు. ఆ సంగతి చెప్పేది కట్ట లోపలి నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్ రీడింగులే. అవి కంపెనీ ఫైళ్లలో కాదు, కింద ఉండేవాళ్లకి కనిపించేచోట ఉండాలి. ఆడిటర్‌కి ఫీజు ఇచ్చేది కంపెనీయే కాబట్టి ఒక్క సర్టిఫికెట్‌ని నమ్ముకోమంటే ఎలా?

1985లో ఇటలీలోని స్తావాలో ఇలాంటి రెండు కట్టలు తెగి 268 మంది పోయారు. అప్పటికీ ఇప్పటికీ పరికరాలు చాలా మెరుగయ్యాయి, నిజమే. క్యాంటీన్‌ని కట్ట కింద నుంచి పక్కకి జరపడానికి మాత్రం ఏ పరికరమూ అక్కర్లేదు.