అమ్మే ఇంటికి ఎలివేషన్ ఎందుకు, ముందు గేటు కింద చూడండి

ఇల్లు అమ్ముదాం అనుకోగానే మనోళ్లు చేసే మొదటి పని ఎలివేషన్ చేసేవాడిని పిలవడం. నెల్లూరు మాగుంట లేఅవుట్లో చూసినా, ఒంగోలు కర్నూల్ రోడ్డు పక్క కాలనీల్లో చూసినా ఇదే వరస. ఇరవై ఏళ్ల నాటి ఇల్లు, ముందు మాత్రం చెక్కలాగా కనపడే ప్యానెళ్లు, పోర్టికోకి ఫాల్ సీలింగు, అందులో పసుప్పచ్చ లైట్లు, పాత గేటు పీకేసి లేజర్ కటింగ్ గేటు. లక్షలు ఎగిరిపోతాయి. బ్రోకరేమో "ముందు ఫ్రెష్‌గా ఉంటే పార్టీ అక్కడే పడిపోద్ది సార్" అంటాడు, ఆయన జేబులోది కాదుగా.

ముందు భాగం బాగుచేయొద్దని నేననను. కానీ రిపేరు వేరు, మేకప్ వేరు. రిజిస్ట్రేషన్‌కే 7.5 శాతం చేతినుంచి పెట్టుకోబోయే మనిషి బేరానికి సాకులు వెతుక్కుంటానే వస్తాడు, ఆ సాకుల్లో సగం మనం గేటు దగ్గరే చేతికి ఇస్తాం. గేటు తోస్తే కిర్రుమని నేలకి రాసుకుంటది, సిమెంటు మీద విల్లులాగా తెల్లటి గీత పడి ఉంటది, అది చూడగానే "గేటే ఇట్టా వదిలేశారంటే లోపల ట్యాంకు, పైపులు ఎట్టా ఉన్నాయో" అని మనసులో రెండు లక్షలు తగ్గించేస్తాడు. వెల్డర్ వచ్చి బందులు కాస్త పైకి కడితే అయిపోయే పని. సముద్రం గాలికి మన పక్క ఇనుము తొందరగా తింటది కాబట్టి గేటు కిందభాగం గీకించి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టి, పైన పెయింటు వేయించండి. వానకి నల్లబడ్డ తలుపు అడుగు రుద్దించి పాలిష్ పట్టించండి. కాలింగ్ బెల్ మోగాలి. చాలు.

ఇంకోటి, గ్రానైట్ క్వారీల చీమకుర్తి పక్కనే ఉంది కదా అని మెట్లకి కూడా అద్దంలాగా పాలిష్ పట్టిన గెలాక్సీ గ్రానైట్ వేసేస్తన్నారు. నల్లరాయి మీద బంగారు చుక్కలు, అందంగానే ఉంటది, కాదనను. తడిస్తే మాత్రం పెద్దోళ్లు కాలు పెట్టలేరు. బయట మెట్లకి గరుకు ఫినిష్ రాయే వేయాలని రాళ్ల కొట్టువాడికీ తెలుసు, మనం అడగం, వాడు చెప్పడు.

పాత ఇంటికి విలువేంది, స్థలం రేటే కదా, తూర్పు ఫేసింగు ఉండి వీధిపోటు లేకుంటే చాలు, కొన్నోడు ఎట్టాగూ పడగొడతాడు అనేవాళ్లున్నారు. ట్రంకు రోడ్డు మీదైతే ఒప్పుకుంటా. కానీ లోన్ పెట్టి కొని అందులోనే కాపురం ఉండబోయే టీచరమ్మ స్థలం ఒక్కటే చూడదు.

ఆమె అడిగే మొదటి ప్రశ్న "వానొస్తే నీళ్లు నిలబడతాయా?" మన జిల్లాల్లో అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా. 2021 నవంబర్లో పెన్నా పొంగితే నెల్లూరులో కాలనీలు ఎట్టా మునిగాయో, 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫానుకి వీధులు ఎట్టా చెరువులయ్యాయో ఎవరూ మర్చిపోలేదు. ఆ ప్రశ్నకి జవాబు ప్యానెళ్లలో ఉండదు, గేటు దగ్గర లెవెల్లో ఉంటది. రోడ్డు మీదనుంచి ఇంట్లోకి ఎక్కుతున్నామా దిగుతున్నామా, అంతే. కట్టినప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లిన ఇళ్లు ఈరోజు రోడ్డుకంటే కిందున్నాయి. ఇల్లు కుంగలేదు, రోడ్డు ఎదిగింది. పాత రోడ్డు చెక్కకుండా దానిమీదే ఇంకో పొర, ఆ పైన ఇంకో పొర, బిల్లు మీద బిల్లు.

దానికి మనం చేసేదేంది? ఎవరి గేటు ముందు వాళ్లు ర్యాంపు ఎత్తుకోవడం. అదీ మన స్థలంలో కాదు, రోడ్డులోకి నాలుగడుగులు జరిపి, సైడు కాలవ మీద కదలకుండా కాంక్రీటు పోసి. ఇక పూడిక తీసేవాడు గడ్డపార ఎక్కడ పెట్టాలి? వీధిలో ముప్పై ఇళ్లుంటే ముప్పై చోట్ల కాలవ గొంతు నొక్కేసి, వాన పడ్డప్పుడు మున్సిపాలిటీని తిడతాం, వాళ్లు తిట్లకి అర్హులే అనుకోండి, కానీ ఆ ర్యాంపులు వాళ్లు పోయలేదుగా. ఒకప్పుడు ఇంటి ముందు తిన్నె ఉండేది, దారినపోయేవాడు కాసేపు కూర్చునేవాడు. ఇప్పుడా చోట మన కారు ఎక్కడానికి గ్రానైట్ ర్యాంపు. అమ్మే ముందు నిజంగా ఖర్చు పెట్టాలంటే ఆ కాంక్రీటు పగలగొట్టి, ఎత్తితే లేచే పలకలు గానీ ఇనప జాలీ గానీ వేయించండి, కాలవలో నీళ్లు పారతా ఉంటే కొనేవాడికి అంతకంటే ఏం చూపించాలి.

మా బావ నెల్లూరులోనే ఇల్లు అమ్మకానికి పెట్టాడు. నేను చెప్తే వినలా, ప్యానెళ్లు, లైట్లు, కొత్త పెయింటు అన్నీ చేయించాడు. చూడ్డానికొచ్చిన పెద్దాయన పైకి తలే ఎత్తలేదు. గేటు దాటగానే గొంతుక్కూర్చున్నాడు. కాంపౌండ్ గోడ లోపలిపక్క పెయింటు బుడగలాగా లేచిన చోట గోరుతో గీకితే పెళ్ల ఊడొచ్చింది, దానికింద మోకాలెత్తున మట్టిరంగు చార.

"ఇది 2021దా, 2023దా నాయనా?" అన్నాడు.

మా బావ నా మొహం చూశాడు.