సర్వీస్ లిఫ్టు అనే ప్రపంచ వింత

విదేశాలు తిరిగి వచ్చిన హైదరాబాదీయుల ఫోటోల్లో అన్నీ ఉంటాయి. గోపురాలుంటాయి, మంచు కొండలుంటాయి, ఏడు వందలు పోసి తాగిన కాఫీ కూడా ఉంటుంది. లిఫ్టు మాత్రం ఉండదు. ఇది అన్యాయం. కేవలం ఎక్కి దిగడానికే సముద్రాలు దాటి వెళ్లదగిన లిఫ్టులు లోకంలో కొన్ని ఉన్నాయి. వాటి సంగతులన్నీ తెలుసుకున్నాక నాకు తేలిందేమిటంటే, గచ్చిబౌలి చుట్టుపక్కల గేటెడ్ కమ్యూనిటీల్లో పనివాళ్ల కోసం విడిగా పెట్టిన సర్వీస్ లిఫ్టు ముందు అవేవీ నిలబడవు. కారణాలు సవినయంగా మనవి చేస్తాను.

చైనాలోని ఝాంగ్‌జియాజియే కొండల్లో 2002లో మొదలైన బైలాంగ్ లిఫ్టు ఎత్తు 326 మీటర్లు. దాదాపు సగం దారి కొండ కడుపులోని సొరంగం. తరవాత ఒక్కసారిగా వెలుతురు, గాజు అద్దాల అవతల ఆకాశంలోకి లేచిన రాతి స్తంభాలు. రెండు నిమిషాలు తిరక్కుండానే శిఖరం మీద ఉంటారు. ఎత్తులో మనం ఓడిపోయినట్టే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ టికెట్టు కొన్న వాడల్లా ఎక్కేస్తాడు. ఏ టవరు, ఏ ఫ్లాటు, ఎవరింట్లో పని అని అడిగే నాథుడు లేడు. అంత పెద్ద యంత్రానికి ఆమాత్రం విచక్షణ లేకపోవడం శోచనీయం.

బ్రెజిల్ వాళ్లది ఇంకా పెద్ద తప్పు. సాల్వడోర్ నగరం రెండంతస్తుల ఊరు. ఒకటి కొండ మీద, ఒకటి కింద సముద్రం ఒడ్డున. ఈ రెంటినీ లాసెర్డా లిఫ్టుతో 1873లోనే కలిపేశారు. ఇప్పుడున్నది 72 మీటర్లు ఎక్కుతుంది. పై వాళ్లూ కింది వాళ్లూ ఒకే పెట్టెలో! మన దగ్గర రెండో లిఫ్టు కట్టించేదే వాళ్లిద్దరూ ఎదురుపడకుండా ఉండడానికి.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరపు గేట్‌వే ఆర్చి గురించి కాస్త వివరంగా చెప్పాలి. అది 192 మీటర్ల ఉక్కు తోరణం. కాళ్లు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి మామూలు లిఫ్టు నిటారుగా పోవడం కుదరదు. ఇంజినీరింగు పట్టా కూడా లేని డిక్ బౌజర్ అనే ఆయనకు రెండు వారాలు గడువిస్తే ఉపాయం చెప్పాడు. ఎనిమిది చిన్న గూళ్లను రైలులా తగిలించి, జెయింట్ వీల్ తొట్టెల్లా ఎంత వంపులోనైనా నిటారుగా నిలిచేటట్టు చేశాడు. 1967 నుంచి జనం వాటిలోనే పైకి వెళ్తున్నారు. ఫ్లాటుకు ఇద్దరు చొప్పున ఇంజినీర్లున్న మన టవర్లలో మూడో అంతస్తు బటన్ ఆర్నెల్లుగా వెలగకపోతే, దాని మీద వాట్సాప్ గ్రూపులో చర్చ ఇంకా కొనసాగుతూ ఉంటుంది. సరే, అది వేరే సంగతి. ఆ గూట్లో ఐదు సీట్లు. ముక్కూ మొహం తెలియని ఐదుగురు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని నాలుగు నిమిషాలు ప్రయాణించాలి. మన అసోసియేషన్ సభ్యులు కొందరు ఈ వాక్యం దగ్గరే వ్యాసం మూసేసి ఉంటారు.

జర్మనీ ప్రభుత్వానికి మాత్రం కాస్త బుద్ధి ఉందనిపించింది. అక్కడి పాత కార్యాలయాల్లో పాటర్‌నోస్టర్ అనే లిఫ్టులున్నాయి. తలుపులుండవు, ఎక్కడా ఆగవు, గొలుసుకు కట్టిన పెట్టెలు ఒకవైపు ఎక్కుతూ ఒకవైపు దిగుతూ ఉంటాయి. కదులుతుండగానే ఎక్కి దూకాలి. శిక్షణ పొందిన ఉద్యోగులే వీటిని ఎక్కాలని 2015లో నిబంధన పెట్టారు. జనం నవ్వేసరికి త్వరలోనే వెనక్కి తగ్గారు. ఇక్కడే తేడా తెలుస్తుంది. మన అసోసియేషన్లు నిబంధన పెట్టాక నవ్విన వాళ్లు లేరు, తగ్గిన వాళ్లూ లేరు.

స్కాట్లండులో ఫాల్కిర్క్ చక్రం ఏకంగా పడవలనే 24 మీటర్లు ఎత్తి పై కాలువలో వదులుతుంది. రెండు చేతుల్లో రెండు నీటి తొట్లు. తొట్టిలోకి వచ్చిన పడవ తన బరువుకు సరిపడా నీటిని బయటికి నెట్టేస్తుంది కాబట్టి, పడవ ఉన్న తొట్టీ, నీళ్లు మాత్రమే ఉన్న తొట్టీ సమానంగానే తూగుతాయి. అందుకే తిప్పడానికి కరెంటు పెద్దగా ఖర్చు కాదు. ఎవరొచ్చినా బరువు ఒకటేనన్న ఆర్కిమెడిస్ సూత్రాన్ని ఏ జనరల్ బాడీ మీటింగులో అయినా ప్రతిపాదించి చూడండి, బలపరిచే వాడు దొరకడు.

ఇక మన వింత. మెయిన్ లిఫ్టు పక్కన నోటీసు ఉంటుంది: పనివాళ్లు, డెలివరీ వాళ్లు, డ్రైవర్లు సర్వీస్ లిఫ్టు మాత్రమే వాడాలి, ఉల్లంఘిస్తే జరిమానా. కుక్కల్ని ఏ లిఫ్టులో తేవాలన్న దాని మీద సభ్యులు రెండు వర్గాలుగా చీలి కొట్టుకుంటారు గాని, పనివాళ్ల విషయంలో తీర్మానం ఏకగ్రీవం. ఆరోగ్యం కోసమే అంటారు. నిజమే. చపాతీ పిండి కలిపే చెయ్యి పిండికి తగిలితే ఏ ప్రమాదమూ లేదు, పద్నాలుగో అంతస్తు బటన్‌కు తగిలితేనే అంటువ్యాధులు. సర్వీస్ లిఫ్టు చెడిపోతే పనిమనిషి మెట్లెక్కుతుంది. ఆలస్యంగా వచ్చినందుకు పైన మాటలు పడుతుంది.

ఈ సంప్రదాయానికి మూలపురుషుడు ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ. 1743లో వెర్సాయ్ రాజభవనంలో తాడుకు ప్రతిభారం కట్టి ఎగిరే కుర్చీ పెట్టించుకున్నాడు, తనకూ తనవాళ్లకూ మాత్రమే. 1789లో ఆ దేశంలో ఏం జరిగిందన్నది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

కాబట్టి విదేశీ యాత్రికులు మన సర్వీస్ లిఫ్టును చూడటానికి రావాలి. ఒక్క చిక్కు ఉంది. ఆ విదేశీయుడు వీపున పెద్ద సంచి వేసుకుని, చెమటతో, చేతిలో ఫోను చూసుకుంటూ గేటు దగ్గరికి వస్తాడు. ఫుడ్ డెలివరీ కుర్రాడూ అచ్చం అలాగే వస్తాడు. ఎవరిని ఏ లిఫ్టుకు పంపాలో వాచ్‌మన్‌కు ఎలా తెలుస్తుంది? ఈ అంశాన్ని వచ్చే జనరల్ బాడీ మీటింగు అజెండాలో, నీళ్ల ట్యాంకరు బిల్లుల తరవాత, పార్కింగు గొడవకు ముందు చేర్చవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.