ఇటలీ అంటే ప్రాణమట!

ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చాను. బూట్లు కూడా విప్పలేదు. ఇది రాసేస్తే గానీ అన్నం దిగేలా లేదు.

మధ్యాహ్నం మా టీంకి ఓ ఆట పెట్టారు. గోడకి యూరప్ మ్యాపు తగిలించి, తలా ఒక ఎర్ర స్టిక్కర్ చేతిలో పెట్టారు. సొంత దేశం కాకుండా యూరప్‌లో ఇంకే దేశమంటే ఇష్టమో దాని మీద అంటించాలి. నేనూ చెయ్యి చాపాను. మా మేనేజరు నవ్వుతూ, "నువ్వు యూరోపియన్‌వి కాదుగా, నువ్వు ఓట్లు లెక్కపెట్టు. నీకైతే పక్షపాతం ఉండదు" అన్నాడు.

జర్మనీలోని ఈ స్టుట్‌గార్ట్ వచ్చి తొమ్మిదేళ్లు. పన్ను కడుతున్నాను, పెన్షన్ కడుతున్నాను, చెత్తని నాలుగు డబ్బాల్లో నాలుగు రకాలుగా వేస్తున్నాను. ఆదివారం మిక్సీ వేస్తే కింద ఇంటావిడ వచ్చి తలుపు కొడుతుందని శనివారమే పచ్చడి చేసి పెట్టుకుంటున్నాను. ఇంకేం చేస్తే ఒక స్టిక్కర్ ఇస్తారో!

సరే, లెక్కపెట్టాను. మొత్తం 23. ఇటలీకి 9, స్పెయిన్‌కి 5, గ్రీసుకి 4, పోర్చుగల్‌కి 3. స్వీడన్‌కి ఒకటి. ఇంకొకటి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇటలీ ఎందుకిష్టం అంటే తొమ్మిది మందిదీ ఒకటే పాట. ఎండ, తిండి, మనుషుల ఆప్యాయత. ఆ తొమ్మిది మందిలో ఒకాయన పదిహేనేళ్లుగా ఏటా గార్డా సరస్సుకే వెళతాడు. అక్కడ మెనూ జర్మన్‌లో ఉంటుంది, హోటల్‌వాడు జర్మన్ మాట్లాడతాడు, పక్క టేబుల్ దగ్గర కూర్చున్నది కూడా స్టుట్‌గార్ట్ వాళ్లే. ఇన్నేళ్లలో ఈయన నేర్చిన ఇటాలియన్ మాటలు రెండు. రెండూ కాఫీ పేర్లే. ఇటలీ అంటే ప్రాణమట!

ఈ పిచ్చి వీళ్లకి కొత్త కాదు. 1786లో వీళ్ల మహాకవి గోథే అంతటి మనిషి కార్ల్స్‌బాద్ అనే ఊళ్లో ఎవరికీ చెప్పాపెట్టకుండా తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, దొంగ పేరు పెట్టుకుని మరీ ఇటలీకి చెక్కేశాడు. ఆయన కనీసం రెండేళ్లకి దగ్గరగా ఉన్నాడు, ఏదో చూశాడు, రాశాడు. వీళ్లు రెండు వారాలు కుర్చీ మీద తువ్వాలు పరిచి పడుకుంటారు. జర్మనీకి ఉన్న రాష్ట్రాలు 16. స్పెయిన్ వాళ్ల మయోర్కా దీవిని "మా పదిహేడో రాష్ట్రం" అని జోకులేసుకుంటారు. ఇది ప్రేమా, కబ్జానా?

ఆప్యాయత అంటే గుర్తొచ్చింది. 2024 జులైలో బార్సిలోనాలో జనం రోడ్డెక్కి, హోటళ్ల బయట కూర్చుని తింటున్న టూరిస్టుల మీద నీటి తుపాకులతో నీళ్లు కొట్టారు. ఇళ్ల అద్దెలు కట్టలేక. అదే ఏడాది వెనిస్‌లో రద్దీ రోజుల్లో ఊళ్లోకి వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లకి 5 యూరోల టికెట్ పెట్టారు. ఆప్యాయత పాపం అలా పొంగి పొర్లుతోంది.

అసలు మండింది ఎక్కడో చెబుతాను. పోర్చుగల్, ఇటలీ, గ్రీసు, స్పెయిన్. ఇంగ్లీషులో మొదటి అక్షరాలు కలిపి చూడండి. పిగ్స్. పందులు. పదిహేనేళ్ల కిందట అప్పుల గొడవప్పుడు ఈ నాలుగు దేశాలనీ బ్యాంకులవాళ్లు, పేపర్లవాళ్లు పిలిచిన పేరు అదే. 2010లో ఇక్కడి బిల్డ్ పేపరు "దివాలా గ్రీకులారా, మీ దీవులు అమ్ముకోండి" అని పెద్దక్షరాలతో వేసింది. 2017లో డచ్ ఆర్థిక మంత్రి డైసెల్‌బ్లూమ్, డబ్బంతా తాగుడికీ ఆడవాళ్లకీ తగలేసి తర్వాత సాయం అడిగితే కుదరదు అన్నాడు. దక్షిణాది దేశాల మీదే కదా అని వాళ్లు భగ్గుమన్నారు. మా డచ్ కొలీగ్ ఇవాళ ముద్దుగా స్టిక్కర్ అంటించింది ఎక్కడనుకున్నారు? పోర్చుగల్ మీద.

మా పోర్చుగల్ కుర్రాడు మాత్రం పక్కనే ఉన్న స్పెయిన్ వంక కూడా చూడలేదు. వాళ్లకో సామెత ఉందట: స్పెయిన్ నుంచి మంచి గాలీ రాదు, మంచి సంబంధమూ రాదు. అది విన్నాక వాడి మీద గౌరవం పెరిగింది. కనీసం నిజం చెప్పాడు. యూరోవిజన్ పాటల పోటీలో కూడా సొంత దేశానికి ఓటెయ్యకూడదు కదా, గ్రీసూ సైప్రసూ ఏళ్ల తరబడి ఒకళ్లకొకళ్లు పన్నెండేసి పాయింట్లు వేసుకుంటుంటే హాల్లో జనం అరిచి గోల పెడతారు. నాకైతే ఆ గోల అర్థం కాదు. బంధువులు, వేసుకుంటారు.

ఈ మిగతావాళ్ల ప్రేమ ఏ రకందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇది సంక్రాంతికి వచ్చే అల్లుడి ప్రేమ.

మాది రాజోలు దగ్గర పల్లె. మా బావ ఏటా భోగి ముందు రోజు హైదరాబాద్ నుంచి దిగుతాడు. కొబ్బరి చెట్ల కింద మంచం వేయించుకుంటాడు. పూతరేకులు, అరిసెలు, నాటుకోడి, రొయ్యల వేపుడు. పందేల దగ్గర ఫొటోలు. "స్వర్గం అంటే మీ ఊరేనండీ మావయ్యగారూ" అంటాడు. మళ్లీ రాత్రికి దోమలు, పొద్దున్నకి సిగ్నల్ లేదు, మధ్యాహ్నానికి కరెంటు పోయింది. కనుమ వెళ్లాక కారు డిక్కీలో బియ్యం, కొబ్బరికాయలు సర్దించుకుని వెళ్లిపోతాడు.

ఒక ఏడాది తుఫానుకి మా ఇంటి పెంకులు లేచిపోయాయి. పదకొండు కొబ్బరి చెట్లు కూలాయి. నాన్న జన్మలో మొదటిసారి అల్లుడి ముందు నోరు తెరిచి లక్షన్నర చేబదులు అడిగారు. బావ ఏమన్నాడో తెలుసా? "మావయ్యగారూ, ముందు మీరు ఖర్చులు తగ్గించుకోవాలండీ. పండక్కి అంత ఆర్భాటం అవసరమా చెప్పండి?"

ఆ ఆర్భాటం తిన్నదెవరు?

నేనప్పుడు ఇక్కడ చదువుకుంటున్నాను. చేతిలో పైసా లేదు. నాన్న ఫోన్‌లో ఈ మాట చెప్పి, "అతను అన్నదీ నిజమేలేరా" అన్నారు. ఆ 'నిజమేలేరా' ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది. అక్కా, చదువుతుంటే ఇక్కడితో ఆపెయ్. బావకి మాత్రం చూపించు.

ఇదే స్టుట్‌గార్ట్‌లో 2008లో పార్టీ సభలో అప్పటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ కూడా ఇదే చెప్పింది. సంపాదనకి మించి ఎప్పటికీ బతకలేమని ఇక్కడి స్వాబియన్ ఇల్లాలు ఎవరైనా చెబుతుందట. తర్వాత గ్రీసుకి పాఠాలు చెప్పినప్పుడల్లా ఆ ఇల్లాలినే తీసుకొచ్చారు. మా బావ ఇక్కడ పుట్టాల్సినవాడు, పొరపాటున కూకట్‌పల్లిలో ఉన్నాడు.

సరే, ఆ ఇరవై మూడో స్టిక్కర్. మా టెస్టింగ్‌లో రుమేనియా ఆవిడ ఒకావిడ ఉంది. మ్యాపు ముందు ఒక నిమిషం నిలబడింది. చుట్టూ చూసింది. తీసుకెళ్లి జర్మనీ మీద అంటించింది. మేనేజరు చప్పట్లు కొట్టి, "చూశారా, మనమూ ఒకళ్లకి నచ్చాం!" అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. తొమ్మిదేళ్లుగా అద్దంలో చూస్తున్నాను.

రుమేనియా మీద సున్నా. బల్గేరియా మీద సున్నా. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పెట్టి మమ్మల్నందరినీ ఇంట్లో కూర్చోబెట్టినప్పుడు, ఆస్పరాగస్ అనే కూరగాయ కొయ్యడానికి మనుషులు లేరని రుమేనియా నుంచి ప్రత్యేక విమానాల్లో కూలీలని దింపారు. ఆ నెలకి 40 వేల మంది, మే నెలకి ఇంకో 40 వేల మంది బయటి కూలీలకి అనుమతి. రుమేనియాలో క్లూజ్ ఎయిర్‌పోర్టు బయట జనం ఒకరి మీద ఒకరు పడేలా నిలబడ్డారు. ప్రపంచమంతా మనిషికీ మనిషికీ మధ్య దూరం పాటిస్తున్న రోజులవి. యూరోపియన్ యూనియన్‌లో 2007లోనే చేరిన దేశానికి, రోడ్డు మీద పాస్‌పోర్టు చూపించకుండా సరిహద్దు దాటడానికి 2025 జనవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది. పండగ చేసే అత్తారిల్లు అందరికీ ఇష్టమే. వరి కోసిపెట్టేవాళ్ల ఊరు ఎవడికి కావాలి?

ఇంతా చేసి, నాకు స్టిక్కర్ ఇచ్చి ఉంటే ఎక్కడ అంటించేవాణ్ణి అని మీరు అడుగుతారు. ఇటలీ మీదే. నవ్వండి. మూడేళ్ల కిందట మే నెలలో మిలాన్ నుంచి టూరిన్‌కి రైల్లో వెళుతున్నాను. వెర్చెల్లి దగ్గర కిటికీలోంచి చూస్తే రెండు వైపులా నీళ్లు నిండిన మడులు. వరి మడులు. గట్లు, కాలవలు, గట్టు మీద కొంగ. గబగబా నాన్నకి వీడియో కాల్ చేశాను. "ఏ ఊరురా అది, మన లంకల వైపా?" అన్నారు.

సాయంత్రం ఆరింటికి లెక్క మెయిల్ పెట్టాను. ఇటలీ 10, మొత్తం 24. ఇప్పుడే మేనేజరు రిప్లై వచ్చింది. "23 మందే కదా, ఒకటి ఎక్కువ వచ్చినట్టుంది, మళ్లీ చూడు."

ఇంకా జవాబివ్వలేదు. ముందు బూట్లు విప్పుతాను.