సెమీ క్రిస్మస్ గారికి ఒక కోశాధికారి విన్నపం

మహారాజశ్రీ సెమీ క్రిస్మస్ గారి సముఖమునకు, ఒంగోలు దగ్గర ఒక పల్లె సంఘంలో ఏడేళ్లుగా తమరి ఖర్చులు రాస్తూ వస్తున్న కోశాధికారి వందనాలతో విన్నవించుకునేది ఏమనగా:

తమరి ప్రస్తావన నాలుగు సువార్తల్లో ఎక్కడా కనబడదు. అయినా డిసెంబరు నెల వచ్చిందంటే చాలు, అసలు క్రిస్మస్‌కు ముందే జరిగే సంబరంగా, సంఘానికొకసారి, ఆఫీసుకొకసారి, పార్టీకొకసారి తమరు అవతరిస్తారు. బాలయేసు ఒక్కసారే పుట్టాడు, అదీ పశువుల పాకలో. తమరికి మాత్రం ప్రతిసారీ షామియానా, జనరేటరు, నాలుగు సౌండ్ బాక్సులు లేనిదే జన్మించడం కుదరదు.

మా మామగారిది గుంటూరు లూథరన్ సంఘం. వారు క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను ఆగమన కాలమని పాటిస్తూ, వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు. మూడో ఆదివారానికి లాటిన్‌లో ఉన్న పేరుకు అర్థమే ‘ఆనందించుడి’ అని. అది పౌలు ఫిలిప్పీయులకు సంకెళ్లలో ఉండి రాసిన మాట. ఆ చెరసాలకు సౌండ్ బాక్సులు దిగిన దాఖలా లేదు. మా బాప్టిస్టు సంఘాల్లో ఆగమన కాలం ఆచారం అంతగా లేదు కనుక, ఆ ఖాళీ స్థలం చూసి తమరు గుంజలు పాతారు.

పోయినేడు తమరి సభ ఆరింటికని కరపత్రం వేశాము. ముఖ్య అతిథి ఎనిమిదిన్నరకు వచ్చారు. అప్పటికి దేవదూత వేషం కట్టిన ఒక పిల్లవాడు, అట్టముక్కకు వెండికాగితం అంటించి పురికొసతో భుజాలకు కట్టిన రెక్కలు నలిగిపోగా, తల్లి ఒడిలో నిద్రపోయాడు. శాలువాలు పూర్తయ్యాక పేరు పిలిస్తే ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. సంతోష సువర్తమానం ఆ విధంగా ప్రకటింపబడింది. ఇక ఫ్లెక్సీ సంగతి. ‘ఇమ్మానుయేలు, దేవుడు మనకు తోడు’ అన్న మాట దాతల ఫొటోల కింద చీమల బారులా ఉంది. ఆ రాత్రి మాకు తోడుగా ఎవరెవరు ఉన్నారో పై వరుస చూస్తే తెలుస్తుంది.

మా ఒంగోలులో ప్రార్థన కొండ ఉన్నదని తమరికి గుర్తు చేయాలి. నెల్లూరు మిషను నుండి వచ్చిన జూయెట్ దొరగారు, దొరసాని, మరి ముగ్గురు తెలుగువారు 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ గుట్ట ఎక్కి, ఈ సీమకు ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ క్లౌ దొర ఒంగోలు చేరింది 1866లో. పన్నెండేళ్లు! తమరే గనుక ఆనాడు ఉండి ఉంటే, జనవరి 2వ తేదీనే ‘సెమీ కృతజ్ఞత కూడిక’ పెట్టి, రాని దొరకు శాలువా కప్పి పంపేవారు.

తమరు మా ఊరికి రాలేకపోయిన ఏడాది ఒక్కటుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ సాయంత్రమే తమరి ముహూర్తం. షామియానా రాలేదు, అతిథి ఫోను ఎత్తలేదు, కరెంటు పోయింది. గుడిలో చేరినవాళ్లం పదిహేను మందిమి లేము; వారిలోనూ సగం మంది ఇల్లు కురుస్తుంటే వచ్చినవారే. రెండు కొవ్వొత్తులు వెలిగించి పాస్టరుగారు 16వ కీర్తన మొదలుపెట్టారు. రేకుల మీద వాన హోరుకు ఆయన గొంతు వినబడక ఆగితే, చదువు రాని అవ్వ ఒకామె చీకట్లోంచే అందుకుని, ‘నీ సన్నిధిని సంపూర్ణ సంతోషము కలదు’ అని చివరిదాకా చెప్పింది. ఆమె వరికుప్ప అప్పటికి నీళ్లలో ఉంది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, ఎవరికీ లేవబుద్ధి కాలేదు. ఏడేళ్ల లెక్కల్లో తమరి వల్ల నాకు అటువంటి రాత్రి ఒక్కటీ జమ కాలేదు.

ఈ ఏటి తేదీ కమిటీవారు ఖాయం చేశారు. జనరేటరుకు అడ్వాన్సు ఇమ్మని నిన్న చీటీ పంపారు. చిట్టా తిరగేస్తే 2023 పుటలో నా చేతిరాతతోనే ‘కొవ్వొత్తులు, ఒక ప్యాకెట్టు’ అని ఉంది. ఏ పద్దు కింద వేయాలో తోచక, ఎదుటి గడి అప్పట్లో ఖాళీగా వదిలేశాను.

ఇట్లు,
తమరి బిల్లులు చెల్లించువాడు