మేస్త్రీ లేని మేస్త్రీల చరిత్ర

ఉత్తర తెలంగాణలోని ఒక ఫ్రీమేసన్ లాడ్జి తన చరిత్రను పుస్తకంగా అచ్చేసింది. (లాడ్జి అంటే గదులు అద్దెకిచ్చేది కాదు. ఫ్రీమేసన్లనే పాత సోదర సంఘం వాళ్ల స్థానిక శాఖ.) ఊరి పేరు చెప్పను. వాళ్లు మూడు వందల ఏళ్లుగా రహస్యాలు దాస్తున్నారు, నేను ఒక్క ఊరి పేరు దాయలేనా? హనుమకొండలో టిఫిన్ చేసి బస్సెక్కితే భోజనం వేళకు దిగొచ్చు, అంతే. నిగనిగలాడే కాగితం, తిప్పిన ప్రతి పేజీలో శాలువా.

కథ జెరూసలేంలో బైబిల్ రాజు సొలొమోను కట్టించిన గుడి దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఒక్క గెంతులో 1717 జూన్ 24న లండన్‌లోని ఓ బీరు దుకాణం. నాలుగు లాడ్జీలు కలిసి తమ పైన మొదటి గ్రాండ్ లాడ్జి, అంటే పెద్ద లాడ్జి, పెట్టుకున్నది అందులోనే. (గొప్ప నిర్ణయాలు మనవాళ్లూ అలాంటి చోటే తీసుకుంటారు గనక నాకేం అభ్యంతరం లేదు.) తర్వాత కలకత్తా, సభ్యులైన వివేకానందుడు, మోతీలాల్ నెహ్రూ, 1961లో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా, దాని తొలి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు. పుస్తకం సగం అయ్యాక అసలు ఊరు వస్తుంది. స్థలం ఇచ్చిన దాత ఉన్నాడు, రిబ్బన్ కత్తిరించిన అధికారి ఉన్నాడు, ఆ రోజు విందులో ఏం వడ్డించారో కూడా ఉంది. బిల్డింగు కట్టినవాడు లేడు.

తమ మూలాలు రాళ్లు చెక్కిన మేస్త్రీల సంఘాల్లో ఉన్నాయని చెప్పుకునేది వాళ్లే. వాళ్ల గుర్తు మూలమట్టం, కంపాసు. మెడలో వేలాడే పదవీ చిహ్నాలు రసమట్టం, గుండు. నడుముకు తెల్లటి ఏప్రన్, దాని మీద పుట్టి బుద్ధెరిగి సిమెంటు చుక్క పడలేదు. సొలొమోను దాకా వెళ్లినవాళ్లు దారిలో పాలంపేట దగ్గర ఆగలేకపోయారు. 1213 నాటి ఆ గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు. జనం మాత్రం చెక్కాడని చెప్పుకునే శిల్పి పేరుతో రామప్ప గుడి అంటారు. 2021లో యునెస్కో కూడా ఆ పేరు కలిపే రాసుకుంది. మన లాడ్జి చరిత్రకారుడికి ఆ పాటి ఇంగితం కూడా లేదు.

కొత్త సభ్యుణ్ణి చేర్చుకునే తంతు మాత్రం నాకు చాలా ఇష్టం. ఊళ్లో పెద్ద కాంట్రాక్టరు అనుకోండి. ముందు ఉంగరాలు తీయిస్తారు. పచ్చ, పగడం, పుష్యరాగం, జ్యోతిష్యుడు చావొచ్చినా తీయొద్దన్నవన్నీ పళ్లెంలో పడతాయి. పర్సు, ఫోను, లోహమన్నది ఏదీ ఒంటి మీద ఉండకూడదు. కళ్లకు గంతలు, మెడలో తాడు, ఎడమ కాలి ప్యాంటు మోకాలి పైకి, ఎడమ రొమ్ము బయటికి, ఒక కాలికి చెప్పు. రొమ్ముకు బాకు మొన ఆనిస్తారు. బయట తలుపు దగ్గర కత్తి పట్టుకుని టైలర్ అనే కాపలాదారు. ఇంత జరిగాక, పేదలకు ఏమైనా దానం చేయమంటారు. జేబులో చిల్లిగవ్వ లేదు కదా, ‘నా దగ్గర ఏమీ లేదు’ అనాలి. పేదవాడి బాధ తెలియడానికట. మన కాంట్రాక్టరు ఆ మాట ఎంత సహజంగా అంటాడో! రిహార్సల్ అక్కర్లేదు. ప్రతి శనివారం సాయంత్రం కూలీలతో అనేది అదే.

సభ్యత్వంలో మూడో మెట్టు ఎక్కేటప్పుడు హీరాం అబిఫ్ కథ. సొలొమోను గుడి కట్టిస్తున్న ఈ పెద్ద మేస్త్రీని ముగ్గురు పనివాళ్లు చంపేస్తారు. ఆ మాట వినగానే పనివాళ్లంటే ఎంత ప్రమాదమో సభ్యులకు అర్థమైపోతుంది.

ఇక సభ ముగించేటప్పుడు సీనియర్ వార్డెన్ అనే ఆయన, ప్రతి సోదరుడికీ రావలసింది ముట్టిందో లేదో చూడడం తన విధి అని గంభీరంగా చెప్పాలి. చెబుతాడు కూడా.

ఎవరికి ముట్టిందయ్యా? పొద్దున ఆరింటికి చౌరస్తా అడ్డా మీద టిఫిన్ డబ్బాతో నిలబడ్డ సుతారి మేస్త్రీకి ముట్టిందా? భవన కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. కట్టడం ఖర్చు మీద ఒక శాతం సెస్సు కట్టాలి. ఏడాదిలో తొంభై రోజులు పనిచేసినట్టు చూపిస్తే కార్మికుడికి ఆ సెస్సుతో నడిచే సంక్షేమ పథకాల కార్డు వస్తుంది. ఆ తొంభై రోజులకు సంతకం పెట్టమంటే ఇదే కాంట్రాక్టరు ‘వీడు మా సైట్లో చేయనేలేదు’ అంటాడు. గోవ విరిగి మూడో అంతస్తు నుంచి పడ్డవాడి గురించీ అదే మాట. బాత్రూం స్లాబు పోసిన మనిషికి నడుము విరిగితే ఆస్పత్రికి ఆటో కిరాయి ఇవ్వనివాడు సాయంత్రం తెల్ల గ్లౌజులు వేసుకుని సోదరభావం మీద ఉపన్యాసం ఇస్తాడు. సిగ్గుండాలి.

మొన్న ఆ లాడ్జిలో నలుపు తెలుపు గళ్ల నేల లేచిపోతే బాగుచేయడానికి ఓ మేస్త్రీ వెళ్లాడు. గేటు దగ్గర ఆపి, లోపలికి అందరూ రాకూడదన్నారు. ‘‘సారూ, నాకు మంత్రాలు తంత్రాలు తెల్వవు. టైల్స్ లేచినయని ఫోన్ జేసింది మీరే గద’’ అన్నాడు. పెద్దలు చర్చించి వెనక తలుపు తీశారు. లోపల రసమట్టం పెట్టి చూసి, పెద్దాయన కుర్చీ వేసిన వేదికే ఒక వైపు వంగి ఉందన్నాడు. దాని మీద ఇంకా కమిటీ వేయలేదు.

అతని పేరు పుస్తకం రెండో ముద్రణలో వేయమని అడగను. సభ్యత్వమూ అక్కర్లేదు. ఓటింగు పెట్టెలో ‘వద్దు’ అనే నల్లగోళీ పడుతుందని తెలుసు. టైల్స్ కూలి మాత్రం ఇంకా బాకీ ఉంది. సీనియర్ వార్డెన్ గారు కొంచెం చూడాలి.