చేతులెత్తమన్నారు, ఎత్తేశాం

బడిలో తల్లిదండ్రుల కమిటీకి ఎన్నికలట. నోటిఫికేషన్ అట, ఓటర్ల జాబితా అట, అభ్యంతరాలకు గడువట. ఒకటో తారీఖు నుంచి మా హైస్కూల్ నోటీసు బోర్డు దగ్గర అసెంబ్లీకి ఎన్నికలు జరుగుతున్నంత హడావిడి. తీరా ఈ రోజు, 2024 ఆగస్టు 8న, ఏడో తరగతి గదిలో జరిగింది చూశాక చెబుతున్నాను. మా వీధిలో వినాయకుడి చందా కమిటీని ఇంతకంటే పద్ధతిగా వేసుకుంటాం. అక్కడ కనీసం పోయినేడు లెక్క చెప్పమని నిలదీసేవాడు ఒకడుంటాడు.

నా ఫ్రెండ్స్‌లో సగం మందికి ఇలాంటి కమిటీ ఒకటి ఉంటుందని కూడా తెలియదు, వాళ్ల పిల్లలందరూ ప్రైవేటే కదా. వాళ్ల కోసం చెబుతాను. మా ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడిలో ఒక్కో తరగతి నుంచి ముగ్గురు తల్లిదండ్రులను ఆ తరగతి తల్లిదండ్రులే ఎన్నుకోవాలి. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు ఉండి తీరాలి. ఆరు నుంచి పది దాకా ఉన్న మాలాంటి బడికి మొత్తం 15 మంది. వాళ్లలోంచి ఒక చైర్మన్, ఒక వైస్ చైర్మన్. హెచ్‌ఎం గారు కన్వీనర్. పదవి రెండేళ్లు. సగం మంది తల్లిదండ్రులైనా రాకపోతే ఆ తరగతికి ఎన్నికే జరగకూడదు. ఈ కమిటీ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ అని ఉంది. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలని అందులోనే రాశారు. బడికి ఏం కావాలో ప్లాన్ వేసేది, వచ్చిన డబ్బు ఎటు పోతుందో చూసేది ఈ కమిటీయే. చదువుతుంటే ఎంత బాగుందో కదా? నాకూ అలాగే అనిపించింది. అందుకే నా టైలరింగ్ షాపు మూసేసి మరీ వెళ్లాను.

వెళ్లేసరికి క్లాస్ టీచర్ గారి చేతిలో కాగితం ఉంది. కాగితంలో మూడు పేర్లు ఉన్నాయి. ఎవరు నిలబడతారు అని అడగనే లేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని మా ఊరి పెద్దమనిషి ఒకాయన ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయన పిల్లలు బీటెక్ అయిపోయి ఉద్యోగాలు చేసుకుంటున్నారు, ఏడో తరగతి గదితో ఆయనకేం పని? అడిగేవాడు లేడు. "ఈ ముగ్గురినీ బలపరిచేవాళ్లు చేతులెత్తండమ్మా" అన్నారు టీచర్ గారు.

నేను లేచి, "సార్, చీటీలు పంచి రాయిద్దాం, ఎంతసేపు పడుతుంది?" అన్నాను. "అమ్మా, పైనుంచి వచ్చిన ఆర్డర్ అలా ఉంది. చేతులెత్తడమో, నోటితో చెప్పడమో. మళ్లీ మీరు లేనిపోనివి పెట్టకండి" అన్నారు. వరండాలో పెద్దమనిషి ఫోన్ లోంచి తలెత్తి నా వంక ఒకసారి చూశాడు. పక్కనున్న వదిన నా చీర కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. ఎందుకు కూర్చోబెట్టదు? వాళ్లు సాగు చేస్తున్న ఎకరంన్నర ఆయనదే, కౌలు కాగితం కూడా లేదు. నా వెనకున్నావిడ డ్వాక్రా గ్రూపు లోను మీద సంతకం పెట్టాల్సింది ఆయన భార్య. ఆ మూలన కూర్చున్నాయన ఉండేది ఆయన అద్దె ఇంట్లో. వీళ్లందరినీ ఆయన కళ్ల ముందే చెయ్యి ఎత్తమంటే, ఎత్తక దించుతారా? అందరూ ఎత్తారు. లెక్కపెట్టడం కూడా లేదు. "ఆ... అందరూ ఎత్తేశారు, ఏకగ్రీవం" అని రాసేసుకున్నారు. చప్పట్లు కూడా కొట్టించారండోయ్.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. పోయిన నెలలో ఇదే గదిలో, ఇవే బెంచీల మీద పిల్లలు క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టుకున్నారు. నోటుపుస్తకం చింపి చీటీలు చేసుకున్నారు. చెప్పుల డబ్బాకి కన్నం పెట్టి బ్యాలెట్ పెట్టె చేశారు. ఎవరి చీటీ ఎవరికీ కనపడకుండా ఒక్కొక్కరూ వెళ్లి వేసొచ్చారు. నల్లబల్ల మీద గీతలు గీసి అందరి ముందూ లెక్కపెట్టారు. మావాడు ఓడిపోయాడు, రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు, అది వేరే సంగతి. వాళ్లకి సాంఘికశాస్త్రం చెప్పే సారే, రహస్య ఓటు ఎందుకు పెట్టారో పాఠం చెప్పిన సారే, ఈ రోజు మాకు చేతులెత్తండి అని చెప్పింది. పన్నెండేళ్ల పిల్లలకి ఉన్న హక్కు వాళ్ల అమ్మలకి లేదు. బాగుంది.

సరే, మెంబర్లు అయ్యారు. మధ్యాహ్నం చైర్మన్ ఎన్నిక. అది ఇంకా వేడుక. చైర్మన్, వైస్ చైర్మన్‌లలో ఒకరు ఆడమనిషి అయి ఉండాలని రూలు. రూలుకి ఒక పేరు కావాలి కాబట్టి ఎనిమిదో తరగతి పిల్ల తల్లి ఒకావిడ చైర్మన్ అయ్యింది. మంచి మనిషి, పాపం మాట్లాడదు. ప్రమాణం చేయించాలి. పేరు పిలిచారు. స్టేజీ ఎక్కింది ఎవరనుకున్నారు? వాళ్లాయన! కండువా సర్దుకుని, దండ వేయించుకుని, మైకు పట్టుకుని "నా మీద నమ్మకం ఉంచిన గ్రామ ప్రజలకు" అని మొదలెట్టాడు. మీ మీద ఎవరు నమ్మకం ఉంచారండీ బాబూ, చైర్మన్ అభ్యర్థిగా మీ పేరే లేదు కదా! ఆవిడ చంకలో చంటిపిల్లను ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడింది. ప్రమాణం కాగితం మీద సంతకానికి మాత్రం కిందికి తెచ్చి ఆవిడకి ఇచ్చారు. టీచర్లు కూడా ఆయన్నే "చైర్మన్ గారూ, టీ తీసుకోండి" అంటున్నారు. సర్పంచ్ భర్తలని చూశాం, ఎంపీటీసీ భర్తలని చూశాం, ఇక బడి కమిటీ భర్త ఒక్కడే మిగిలాడనుకుంటా.

అసలు ఈ కుర్చీకి ఇంత పోటీ ఎందుకు అంటారా? మా అత్తగారు కూడా ఇదే అడిగింది, "బడికి పోయి చాక్‌పీసులు లెక్కపెట్టుకోడానికి ఇంత గొడవా" అని. చాక్‌పీసులు కాదు అత్తయ్యా. 2019లో సర్కారు బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పుడు పనులన్నీ తల్లిదండ్రుల కమిటీ పేరు మీదే జరిగాయి. సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి, అంతా హెచ్‌ఎం, కమిటీ కలిసి నడిపే బ్యాంకు ఖాతాలోంచే. అప్పటి నుంచే ఊళ్లో అందరికీ చదువు మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. మా బడిలో అదనపు గదులు స్లాబ్ దాకా వచ్చి ఆగిపోయాయి, చువ్వలు తుప్పుపట్టి ఆకాశంలోకి చూస్తున్నాయి. ఆ గదుల మీద పెట్టిన ఖర్చు ఎంత అని ఈ రోజు అడిగాను. "అది పాత కమిటీ" అన్నారు. పాత కమిటీలో ఉన్నాయన అక్కడే టీ తాగుతున్నాడు, కాకపోతే కండువా రంగు మారింది.

రంగులంటే గుర్తొచ్చింది. ప్రభుత్వం మారింది కదా, పోయిన నెలాఖరులోనే బడి పథకాల పేర్లన్నీ మార్చారు. మధ్యాహ్న భోజనానికి గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ గారి పేరు వచ్చింది. పుస్తకాలు, బ్యాగులు ఇచ్చే విద్యాకానుక పోయి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరు వచ్చింది. నాడు-నేడు పోయి మన బడి-మన భవిష్యత్తు. తల్లుల ఖాతాల్లో డబ్బు వేసే అమ్మ ఒడి పోయి తల్లికి వందనం. మంచిదే, సీతమ్మ గారి పేరు పెడితే ఎవరు కాదంటారు, గోదావరి లంకల్లో ఆకలని వచ్చిన ప్రతివాడికీ అన్నం పెట్టిన తల్లి. కానీ ఆడపిల్లల బాత్రూమ్‌లో నీళ్లు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రావట్లేదు. అమ్మ ఒడిలో 15,000 అని చెప్పి 13,000 వేశారు, మిగతా 2,000 బాత్రూమ్‌ల నిర్వహణకి, బడి నిర్వహణకి అని కోసుకున్నారు. ఆ కోసిన డబ్బుతో ఒక్క కుళాయి బాగుచేయించలేకపోయారా? దాని లెక్క చూడాల్సిందే ఈ కమిటీ. ఈ కమిటీయే ఇలా పుడితే ఇంకేం చూస్తుంది?

ఇక యూనిఫారాల గురించి నన్ను కదిలించకండి. కదిలించారు కాబట్టి చెబుతున్నాను. మూడు జతల గుడ్డ ఇచ్చి, కుట్టుకూలి ఎంతో తెలుసా? ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి మూడు జతలకీ కలిపి 120 రూపాయలు. ఒక్క జత కుట్టడానికి బజారులో అంతకు రెట్టింపు పైనే అవుతుంది. దారం, బొత్తాలు, జిప్పు, కరెంటు ఎవరిస్తారు? ఈ 120 రూపాయలు లెక్కవేసినాయన ఎప్పుడైనా ఒక కాజా కుట్టాడా? తల్లులు నా దగ్గరికి వచ్చి "గవర్నమెంటు ఇంతే ఇస్తుంది అక్కా" అంటారు, నేను కాదనలేను, వాళ్లూ కూలికి పోయేవాళ్లే. జూన్ నుంచి మిషన్ తొక్కి తొక్కి కాళ్లు వాచాయి. ఆ 120 కూడా వాళ్ల ఖాతాల్లో పడలేదు, వాళ్ల ఖాతాల్లో పడితే కదా నాకిచ్చేది. కమిటీలో ఒక్క టైలరు ఉంటే ఈ మాట తీర్మానంలో రాయించేది. అందుకే నిలబడదామనుకున్నాను, దాచడం ఎందుకు. నా పేరు ఆ కాగితంలో లేదు.

మా చెల్లెలు సూర్యాపేట వైపు ఉంటుంది. ఫోన్ చేసి ఏడుద్దామంటే అది నాకంటే ఎక్కువ నవ్వింది. తెలంగాణలో 2019 నవంబరులో కమిటీలు వేసి, రెండేళ్లు అయిపోయాక ఎన్నికలు పెట్టకుండా గడువు పొడిగించుకుంటూ పోయారు. పిల్లలు పది పాసై వెళ్లిపోయినా తల్లిదండ్రులు మాత్రం మెంబర్లుగానే ఉండిపోయారు. చివరికి 2024 జనవరి 29న ఎన్నికలు పెట్టారు, మా చెల్లెలూ గెలిచింది. రెండు నెలలు తిరక్కుండానే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని ఇంకొకటి తెచ్చి, మహిళా సంఘాల అధ్యక్షురాలిని పైన కూర్చోబెట్టి, రిపేర్లు, యూనిఫారాలు అన్నీ దానికి అప్పగించారు. "మరి మేమెందుకే" అంటే "మీరు కూడా ఉండండి" అన్నారట. మాకు ఎన్నిక లేదు, పని ఉంది. వాళ్లకి ఎన్నిక ఉంది, పని లేదు.

మా పిన్ని కూతురేమో టెక్సాస్‌లో. అక్కడ స్కూల్ బోర్డుకి ఏడుగురు ఉంటారట, బూత్‌కి వెళ్లి రహస్యంగా ఓటు వేస్తారట, బడికి వెళ్లే పిల్లలు లేని ముసలివాళ్లు కూడా వేస్తారట, ఎందుకంటే ఇంటి పన్నులో పెద్ద భాగం బడికే పోతుందట. ఇంటి ముందు గడ్డిలో బోర్డులు పాతి ప్రచారం చేస్తారట. ఎంత బాగుందే అన్నాను. "బాగుంది అక్కా, మేము పన్ను కడతాం, ఓటు మాత్రం లేదు, దానికి పౌరసత్వం ఉండాలి, మాకింకా గ్రీన్ కార్డే రాలేదు" అంది. అంటే ఎక్కడికి పోయినా మన ఇంటి ఆడపిల్లలకి బడి కమిటీ యోగం లేదన్నమాట.

ప్రైవేటులో పిల్లల్ని వేసినవాళ్లు ఇది చదివి నవ్వుకుంటారేమో. నవ్వుకోండి. సర్కారు సాయం తీసుకోని ప్రైవేటు బడికి ఆ 21వ సెక్షన్ వర్తించదు. లక్ష కట్టినా మీకు గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడే హక్కు తప్ప ఇంకేం లేదు. మాకు కనీసం చేతులెత్తే హక్కుంది.

2015లో అలహాబాద్ హైకోర్టు ఒక మాట చెప్పింది. సర్కారు ఖజానా నుంచి జీతం తీసుకునేవాళ్లు, ప్రజాప్రతినిధులు, జడ్జీలు అందరూ తమ పిల్లల్ని సర్కారు బడికే పంపేలా ఏర్పాటు చేయమని. ఉత్తరప్రదేశ్‌లో ఆ తీర్పు అమలు కాలేదు, ఎలా అవుతుంది? మా బడిలో టీచర్ల పిల్లలు ఎంతమంది చదువుతున్నారో చూడండి చాలు. ఉదయం వాళ్ల పిల్లలు పసుపు బస్సు ఎక్కాకే వాళ్లు మా బడికి బయలుదేరతారు.

అసలు నాకు మండింది వీటన్నిటికీ కాదు. ఎన్నికైనవాళ్లు కాక ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకోవచ్చు. పూర్వ విద్యార్థులు, దాతలు, విద్యాభిమానులు అలాంటివాళ్లని. ఈ రోజు విద్యాభిమాని అని చప్పట్ల మధ్య ఎవరిని తీసుకున్నారో తెలుసా? మా బావగారిని. మావాణ్ని ఆరో తరగతికి ఈ బడిలో వేసినప్పుడు బంధువులందరి ముందు "డబ్బులు లేకపోతే నన్నడగొచ్చుగా, సర్కారు బళ్లో పడేశారేంటి పిల్లాణ్ని" అన్న బావగారు. తన ఇద్దరు పిల్లల్నీ విజయవాడ హాస్టల్లో వేసి, నెలకోసారి వెళ్లి గేటు బయటి నుంచి చూసొచ్చే బావగారు. రెండు సీలింగ్ ఫ్యాన్లు కొనిచ్చి, ఒక్కో రెక్క మీద తన పేరు, వాళ్ల నాన్న పేరు రాయించారు. ఫ్యాన్ తిరిగితే పేరు కనపడదని ఒకటి ఆపేసి ఉంచుతారేమో అని నా అనుమానం. ఈ రోజు మైకులో "ప్రభుత్వ పాఠశాలలను మనమే కాపాడుకోవాలి" అన్నారు. నా వంక చూడకుండా అన్నారు.

బావగారూ, మీరు ఇది చదువుతారని తెలుసు, లైక్ కొట్టరనీ తెలుసు. మే నెలలో మీ చిన్నోడి కాలేజీ యూనిఫారం ప్యాంట్లు పొడవు తగ్గించమని పంపించారు, అవి పట్టుకెళ్లారు, డబ్బులు ఇంకా ఇవ్వలేదు. అది కూడా విద్యాభిమానం ఖాతాలో రాసుకోమంటారా?