ఈ సంఖ్య మీద చర్య ఎప్పుడు?

ఒక పెద్దమనిషి మాట పోగొట్టిన సంఖ్య ఇన్నాళ్లూ దర్జాగా తిరుగుతోంది. 2³²కి ఒకటి కలిపితే వచ్చే 4,29,49,67,297 సంగతి ఇది. 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్యల్లో జమకట్టాడు. రుజువు లేకపోతేనేం, వంశం ఉందిగా! 2ని 1, 2, 4, 8, 16 ఘాతాలకు పెంచి ఒకటేసి కలిపితే 3, 5, 17, 257, 65,537: ముందు పుట్టిన అయిదూ ప్రధాన సంఖ్యలే. అలాంటి ఇంట పుట్టి కూడా ఇది 641 × 67,00,417గా విడిపోతుందని 1732లో గణితవేత్త ఆయిలర్ బయటపెట్టాడు. తప్పు ఫెర్మాది కానే కాదు. అంతటివాడు చెప్పాక సంఖ్య సర్దుకోవాలి.

పైకి మాత్రం మహా అమాయకం. బేసి సంఖ్య, చివర 5 లేదు. అంకెల మొత్తం 59 కాబట్టి 3తో పోదు. బేసి స్థానాల మొత్తం 21, సరి స్థానాల మొత్తం 38, తేడా 17. కనుక 11తోనూ పోదు. (అంకెలు కూడి సంఖ్యలకు జాతకం చెప్పేవారికి ఒక మనవి: దీన్నే 0, 1 మాత్రమే వాడే ద్విసంఖ్యామానంలో రాస్తే రెండు కొసల్లో ఒకట్లు, మధ్యలో 31 సున్నాలు. 59 కాస్తా 2 అయి కూర్చుంటుంది.)

దొంగను పట్టడం అంత కష్టమా అంటే, అదీ కాదు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 128 గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండి తీరాలని తర్వాత గణితవేత్త ల్యూకా తేల్చాడు. వరసగా 129, 257, 385, 513, 641. ఇందులో 129, 385, 513 ప్రధాన సంఖ్యలే కావు. 257 సొంత తోబుట్టువు. ఈ వంశంలో ఏ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు. మిగిలింది 641. ఒక్క భాగహారం. అదీ బద్ధకమైతే 641ని రెండు రకాలుగా రాయండి: 5×2⁷+1, 5⁴+2⁴. మొదటిదాని ప్రకారం 641తో భాగిస్తే 5×2⁷ శేషం −1 (అంటే 641 గుణిజానికి ఒకటి తక్కువ); నాలుగో ఘాతానికి పెంచితే 5⁴×2²⁸ శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³² శేషం 1, అంటే 2³²+1 శేషం సున్నా.

ఇక సాక్షుల విచారణ. ఫెర్మా పేరిట ఉన్న పరీక్షలో సాక్షిగా ఎంచుకున్న ఒక సంఖ్యను 2³² ఘాతానికి పెంచి మన సంఖ్యతో భాగించాలి. శేషం 1 కాకపోతే ప్రధాన సంఖ్య కాదు. 2ని పిలిస్తే 1 అని చెప్పి కాపాడుతుంది. రక్తసంబంధం మరి: 2³² శేషం −1, 2⁶⁴ శేషం 1, ఆపైన ఎన్ని వర్గాలు చేసినా 1. 3ని పిలిచి 32 సార్లు వర్గం చేయిస్తే శేషం 3,02,90,26,160 వస్తుంది. గుట్టు రట్టు.

కంప్యూటర్‌కు అప్పగించేవాళ్లు జాగ్రత్త. 32 బిట్ల (32 ద్విసంఖ్యామాన అంకెలే పట్టే) గడిలో పడేస్తే ఈ సంఖ్య 1గా మారిపోతుంది. 641తో పోతుందా అంటే శేషం 1 అని నిబ్బరంగా చెబుతుంది. ధన, రుణ గుర్తుకు చోటు కేటాయించని 64 బిట్ల గడిలో సంఖ్య భద్రమే, కానీ 2తో పరీక్షిస్తే అయిదో వర్గానికి 2³² వచ్చి, ఆరో వర్గం 2⁶⁴ పట్టక సున్నా అవుతుంది. ఆ సున్నా చివరిదాకా సున్నాగానే ఉండి, శేషం 1 కాలేదు కాబట్టి ప్రధాన సంఖ్య కాదని యంత్రం తీర్పు చెబుతుంది. అబద్ధపు సాక్షి, తప్పు లెక్క, సరైన తీర్పు.